ఇంటి నుంచి సీఏ: పాఠం సరే, దిద్దేదెవరు?

మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే ఆయన ఒకరోజు పొద్దున్నే నా ఆఫీసుకు వచ్చి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఆయన కూతురు ఎంఈసీతో ఇంటర్ పాసైంది, సీఏ చదువుతానంటోంది. వాళ్లమ్మ ఆరోగ్యం అంతంత మాత్రం. అందుకని అమ్మాయి ఇంటిపట్టునే ఉండాలి. గుంటూరో విజయవాడో పంపి హాస్టల్లో పెట్టే ఆలోచన లేదు. కాగితం మీద మూడు గడులు గీసి ఉన్నాయి. ఒకదానిలో పెన్ డ్రైవ్ క్లాసుల ధర, ఇంకోదానిలో లైవ్ క్లాసుల ధర, మూడోదానిలో ఒక యాప్ ఏడాది చందా. కింద తేడాలు కూడా తీసి పెట్టుకున్నారు. "వీటిలో ఏది కొనమంటారు సార్?" అని అడిగారు.

ధరలన్నీ సరిగ్గానే రాశారు. గడే ఒకటి తక్కువైంది. ఆ మూడింటిలోనూ ఉన్న సరుకు ఒక్కటే, పాఠం. అమ్మాయి రాసిన జవాబును ఎవరు చదువుతారు, ఎక్కడ తప్పిందో ఎవరు చెబుతారు అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. నా దగ్గర ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఆఫీసులో పని నేర్చుకునే శిక్షణ, చేసిన పిల్లల్లో ఇంటి దగ్గర చదివి వచ్చినవారు కొందరున్నారు. రెండు మూడు అటెంప్టులు పోగొట్టుకున్న ప్రతివాళ్లూ పాఠాలు మాత్రం రెండేసి సార్లు విన్నవాళ్లే.

కాలేజీ లేని చదువు

"ఇంట్లో కూర్చుని సీఏ ఏమిటి?" అని చుట్టాలు ముఖం చిట్లిస్తారు. నిజానికి సీఏకు కాలేజీ అంటూ ఎప్పుడూ లేదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐ అనే సంస్థ విద్యార్థి పేరు నమోదు చేసుకుంటుంది, పుస్తకాలు ఇస్తుంది, పరీక్ష పెడుతుంది. రోజూ తరగతికి రావాలన్న నిబంధన ఫౌండేషన్‌కూ లేదు, ఫైనల్‌కూ లేదు. కోచింగ్ సెంటర్లు ఆ పుస్తకాల పక్కన పెరిగిన వ్యాపారం. తెలుగు జిల్లాల్లో అది ఎంత పెద్దదైందంటే, సెంటరులో చేరడమే సీఏలో చేరడం అన్నంతగా మాట స్థిరపడిపోయింది.

2023 జులై 1 నుంచి కొత్త విధానం అమల్లో ఉంది. ఇంటర్ పాసైనవారు ముందు నాలుగు పేపర్ల ఫౌండేషన్ రాయాలి. తరవాత మూడేసి పేపర్ల రెండు గ్రూపులుగా సీఏ ఇంటర్మీడియట్, ఇది కాలేజీ ఇంటర్ కాదు. ఆ రెండు గ్రూపులూ పాసై, ఐసీఐటీఎస్ఎస్ అనే శిక్షణ ముగించాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్. అది పూర్తయిన ఆరు నెలలకు ఫైనల్. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం ఉన్నవారు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు.

ఇందులో ఇంట్లో కుదరనివి కొన్ని ఉన్నాయి. కంప్యూటర్ శిక్షణ, ఓరియెంటేషన్ కలిసిన ఐసీఐటీఎస్ఎస్‌కు నాలుగు వారాలు వెళ్లి కూర్చోవాలి. ఆర్టికల్‌షిప్ అంటే రోజూ ఆఫీసుకు వెళ్లి పని నేర్చుకోవడమే. కాబట్టి ఇంటి చదువు అన్న ప్రశ్న అసలు తలెత్తేది రెండు చోట్ల. ఫౌండేషన్‌కు కనీసం నాలుగు నెలలు, ఇంటర్మీడియట్‌కు ఎనిమిది నెలలు చదువుకునే గడువు ఉంటుంది. ఈ రెండింటినీ ఇంటి నుంచి ఎలా గట్టెక్కాలన్నదే ఆ కొట్టాయన కూతురి సమస్య. ఫైనల్ చదువును ఆర్టికల్‌షిప్‌లోనే మొదలుపెడితే ఆఫీసు ముగించుకుని వచ్చి రాత్రి చదవడం తప్పదు, ఆ దశలో అందరూ ఇంటి విద్యార్థులే.

సెంటరు ఇచ్చేది ఏమిటి?

మంచి కోచింగ్ సెంటరులో చేరిన పిల్లవాడికి నాలుగు వస్తువులు కలిపి దొరుకుతాయి. మాస్టారు పాఠం చెబుతారు. ఎప్పుడు ఏది చదవాలో సెంటరు గంట కొట్టి చెబుతుంది. వారం వారం పరీక్ష పెట్టి పేపరు దిద్ది ముఖాన వేస్తారు. పక్క బెంచీలో ఇంకొకడు ఇదే బాధ పడుతూ కనిపిస్తాడు. నాలుగూ ఒకే ఫీజులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏ భాగం మనల్ని పాస్ చేయించిందో మనకే తెలియదు. పేరంతా పాఠం చెప్పిన మాస్టారికి పోతుంది.

ఇంటి దగ్గర ఆ మూట విడిపోతుంది. పాఠం ఒక్కటే ఫోనులోకి వస్తుంది. మిగతా మూడింటినీ ఎవరికి వారు సమకూర్చుకోవాలి. పదేళ్ల కిందట మంచి పాఠం దొరకడమే అరుదు, దానికోసం ఊరు మారేవాళ్లు. ఇప్పుడు అది కుప్పలుగా ఉంది, కొంత ఉచితంగా కూడా. దిద్దుబాటు మాత్రం అప్పుడెంత కష్టంగా దొరికేదో ఇప్పుడూ అంతే. ఎందుకంటే పాఠం ఒకసారి రికార్డు చేస్తే లక్ష మందికి అమ్మవచ్చు. ఒక జవాబు పత్రాన్ని మాత్రం ఒక మనిషి కూర్చుని, ఒక్కో లైను చదివి, ఒక్కరి కోసమే దిద్దాలి. చవకైన సరుకుకు డబ్బంతా పోసి, అరుదైన సరుకుకు ఏమీ మిగల్చకపోవడం వ్యాపారి చేయవలసిన పని కాదని ఆయనతో అన్నాను. ఆ భాష ఆయనకు వెంటనే పట్టింది.

పాఠం కొనేముందు

అసలు కొనాలా అన్నది మొదటి ప్రశ్న. ఐసీఏఐ తన విద్యార్థులకు ఉచితంగా లైవ్ కోచింగ్ తరగతులు నడుపుతుంది, వాటి రికార్డింగులూ దొరుకుతాయి. అందరూ మాడ్యూల్ అని పిలిచే స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు అనే పునశ్చరణ ప్రశ్నపత్రాలు, మాక్ టెస్ట్ పేపర్లు, పాత ప్రశ్నపత్రాలకు సంస్థే రాసిన జవాబులు, అన్నీ దాని సైటులో ఉచితంగా ఉంటాయి. నా సలహా అడిగితే, ముందు రెండు వారాలు ఈ ఉచిత తరగతులతోనే ఒక్కో సబ్జెక్టులో ఒక్కో అధ్యాయం నడిపి చూడమంటాను. అప్పుడు ఏ సబ్జెక్టుకు సాయం కావాలో, దేనికి పుస్తకం చాలో తెలుస్తుంది. చాలామందికి అకౌంటింగ్‌కూ, ఖర్చుల లెక్కలు తేల్చే కాస్టింగ్‌కూ మాస్టారు కావాలి. లా, ఆడిటింగ్ లాంటివి మాడ్యూల్ చదివితే వస్తాయి, ఓపిక ఉంటే. అన్ని సబ్జెక్టులూ కలిపి కొంటే తగ్గింపు ఇస్తామంటారు. అవసరం లేని మూడు సబ్జెక్టులు తగ్గింపులో కొనడం ఏ లెక్కన ఆదా?

కొనాలనే తేలితే చూడవలసింది ధర కంటే షరతులు. పెన్ డ్రైవ్ పాఠాలకు గడువు ఉంటుంది, ఎన్నిసార్లు చూడవచ్చో పరిమితి ఉంటుంది, చాలావాటిని ఒక్క కంప్యూటర్‌లోనే తెరవగలం. ఇంటర్మీడియట్ మొదటి గ్రూపు మూడు పేపర్లకూ కలిపి 400 గంటల రికార్డింగులు ఉన్నాయనుకుందాం. ఎనిమిది నెలల్లో చివరి రెండు నెలలు పునశ్చరణకు వదిలేస్తే 180 రోజులు మిగులుతాయి. రోజుకు రెండుంపావు గంటల పాఠం. విన్నదాన్ని చేత్తో చేసి చూడటానికి కనీసం అంత సమయమే వేసుకోండి, ఒక్క గ్రూపుకే నాలుగున్నర గంటలయింది. రెండు గ్రూపులూ ఒకేసారి రాస్తానంటే తొమ్మిది గంటలు, ఒక్క రోజు కూడా జ్వరం రాకుండా, ఒక్క పెళ్లికి కూడా వెళ్లకుండా. ఒకటిన్నర వేగంతో వింటే సరిపోతుందని పిల్లలు అంటారు. పాఠం వేగం పెరుగుతుంది, చేయి వేగం పెరగదు.

పన్నుల పేపరుకు ఇంకో జాగ్రత్త కావాలి. పాఠం నిల్వ ఉంటే పుల్లబడే సబ్జెక్టు అది. సీనియర్ దగ్గర పాత రికార్డింగులు సగం ధరకు వస్తున్నాయని సంబరపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 536 సెక్షన్ల 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, 'మునుపటి సంవత్సరం', 'మదింపు సంవత్సరం' అనే జంట పోయి 'పన్ను సంవత్సరం' వచ్చింది. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి. ఏ నెల పరీక్షకు ఏ చట్టం, ఏ సవరణల దాకా వర్తిస్తుందో సంస్థ ముందుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చదివాకే పన్నుల పాఠం కొనాలి. అకౌంటింగ్ పాఠం ఏడాది పాతదైనా పెద్ద నష్టం లేదు.

ఇక భాష. దేశంలో పేరున్న ఆన్‌లైన్ మాస్టార్లలో ఎక్కువమంది హిందీ కలిపి చెబుతారు. పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో రాసే వీలు లేదు. దాంతో మన పిల్లలు హిందీలో విని, తెలుగులో అర్థం చేసుకుని, ఇంగ్లీషులో రాయవలసి వస్తుంది. మధ్యలో రెండుసార్లు చేయి మారిన పాలు చిక్కగా ఎలా ఉంటాయి? హైదరాబాదులోనూ కోస్తా పట్టణాల్లోనూ ఉండి తెలుగులో, ఇంగ్లీషులో కలిపి చెప్పే మాస్టార్లు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతారు. దేశమంతా తెలిసిన పేరు కాకపోయినా, మొదటి దఫాకు వాళ్లే మేలని నా అభిప్రాయం. తెలుగు మీడియంలో సీఈసీ చదివినవారికి ఇంకో చిక్కు ఉంది. చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల అని నేర్చుకున్నవన్నీ ఒక్కసారిగా జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, డిప్రిసియేషన్ అయిపోతాయి. విషయం వాళ్లకు వచ్చు. ఒక నోటు పుస్తకంలో ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి రాసుకుంటే నెలలో ఆ బెరుకు పోతుంది. నోట్సు మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లీషులోనే రాయాలి. తెలుగులో విన్నా ఫరవాలేదు, చేతికి అలవాటు కావలసింది పరీక్ష భాష.

తలాడించడానికీ రాయడానికీ మధ్య

ఆ అమ్మాయితో ఒక చిన్న ప్రయోగం చేశాను. 2024 అక్టోబరు 1న ఒక యంత్రం 1,20,000 రూపాయలకు కొన్నారు, బిగించడానికి 10,000 అయింది, ఏటా 10 శాతం సమాన వాయిదాల పద్ధతిలో తరుగుదల. 2025 మార్చి 31తో ముగిసే సంవత్సరానికి ఎంత? ముందు నేనే నోటితో చెప్పాను. బిగింపు ఖర్చు యంత్రం విలువలో కలుస్తుంది, వాడింది ఆరు నెలలే కాబట్టి సగం. అమ్మాయి తలాడించింది. "అర్థమైందా?" అంటే అయిందంది. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, అంకెలు మార్చి, కాగితం ఇచ్చి చేయమన్నాను. బిగింపు ఖర్చు కలిపింది, నెలలు మరిచిపోయింది. మొదటి లెక్కలో ఇదే పొరపాటు చేస్తే 6,500 రావలసిన చోట 13,000 వస్తుంది.

ఆ అమ్మాయి మందమతి కాదు. వింటున్నప్పుడు తెలివి మాస్టారిది, మనది కాదు. ఆయన తప్పకుండా నెలలు లెక్కపెడతారు, మనం చూస్తూ అదంతా మనకే తట్టినట్టు అనుకుంటాం. రికార్డు పాఠంలో ఈ భ్రమ ఇంకా బలపడుతుంది, ఎందుకంటే అక్కడ "నువ్వు చెప్పు" అని లేపి నిలబెట్టేవాళ్లు లేరు. పాఠం పూర్తయిందని యాప్ నూటికి నూరు చూపిస్తుంది. అది చూసింది ఎంతో చెబుతుంది, వచ్చింది ఎంతో దానికేం తెలుసు!

లెక్కల పేపర్లలో కనీసం జవాబు తేడా కొడుతుంది కాబట్టి తప్పు మనకే దొరుకుతుంది. లా పేపరులో అదీ ఉండదు. ఫౌండేషన్ బిజినెస్ లాస్‌లో ఇలాంటి ప్రశ్న వస్తుంది: పదిహేడేళ్ల కుర్రవాడు వయసు దాచి అప్పు తీసుకుని నోటు రాసిచ్చాడు, అప్పిచ్చినాయన వసూలు చేసుకోగలడా? కొట్టాయన కూతురు "చేసుకోలేడు, మైనరు ఒప్పందం చెల్లదు" అని ఒక్క లైను రాసింది. నిజమే. నాలుగు మార్కుల ప్రశ్నకు నేనైతే ఒకటి వేస్తాను. మిగతా మూడూ ఎక్కడున్నాయి? 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మేజరైనవారే ఒప్పందం చేసుకోగలరని ముందు చెప్పాలి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మొహరీ బీబీ వర్సెస్ ధర్మదాస్ ఘోష్ కేసులో అప్పటి అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చిందని ఆనవాలు చూపాలి. వయసు దాచినా సరే, ఆ అబద్ధాన్ని పట్టుకుని మైనరును ఒప్పందానికి కట్టిపడేయలేమని రాయాలి, ప్రశ్నలో ఆ ముక్క పెట్టిందే దానికోసం. చివర ఈ కుర్రవాడి సంగతికి అన్వయించి ముగించాలి. ఇదంతా ఆ అమ్మాయికి తెలుసు. అడిగితే నోటితో గడగడా చెప్పింది. కాగితం మీద పెట్టాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇలాంటి తప్పును ఎవరికి వారు పట్టుకోవడం కష్టం. జవాబు తప్పయితే కనిపిస్తుంది, జవాబు ఒప్పయి మార్కులు రాకపోతే కనిపించదు. 2024 మేలో ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ రాసినవారిలో పాసైంది నూటికి 18 మంది చిల్లర. మిగిలినవారంతా చదవనివాళ్లు అనుకోవడం అన్యాయం.

దిద్దేవాళ్లను ఎక్కడ వెతకాలి?

ఖర్చు లేని దారి ముందు చెబుతాను. సంస్థ ప్రతి పరీక్షకు ముందు మాక్ టెస్ట్ పేపర్లు విడుదల చేస్తుంది, జవాబులు తరవాత పెడుతుంది. దగ్గర్లో ఐసీఏఐ శాఖ ఉంటే అక్కడికి వెళ్లి రాసే ఏర్పాటు ఉందేమో కనుక్కోవాలి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి, రాజమహేంద్రవరం లాంటి చోట్ల శాఖలున్నాయి. నెలకోసారి బస్సెక్కి వెళ్లి మూడు గంటలు పరీక్ష రాసి రావడం, ఇంటి దగ్గర చదివేవారికి అతి విలువైన ప్రయాణం. వీలుకాకపోతే ఇంట్లోనే రాసి, ఆ రాత్రికి పక్కన పడేసి, మర్నాడు వేరే రంగు సిరాతో సంస్థ జవాబు పక్కన పెట్టుకుని దిద్దుకోవాలి. రాసిన రోజే దిద్దితే మన మీద మనకు జాలి ఎక్కువ. ప్రతి పరీక్ష తరవాత అభ్యర్థులు ఎక్కడ తప్పు చేశారో పరీక్షకులు రాసిన వ్యాఖ్యలను కూడా సంస్థ ప్రచురిస్తుంది. పేజీలకు పేజీలు ఉండవు, అరగంటలో చదివేయవచ్చు. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో వాటిని చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఒకసారి తప్పినవారికి ఇంకో మార్గం ఉంది. ఫలితాలు వచ్చాక గడువులోగా రుసుము కట్టి దరఖాస్తు చేస్తే మన జవాబు పత్రాల ధ్రువీకృత ప్రతులు ఇస్తారు. తప్పిన పేపరు మళ్లీ చూడటం ఎవరికైనా పుండు మీద కారమే. కానీ అసలు పరీక్షకుడి చేత్తో దిద్దిన పేపరు ఇంకెక్కడా దొరకదు.

డబ్బు పెట్టగలిగితే, పరీక్షలు పెట్టి పేపర్లు దిద్ది పంపే టెస్ట్ సిరీస్. ఇక్కడ కూడా మోసపోయే వీలుంది. నా ఆఫీసులో చేసిన ఒక అబ్బాయి చందా కట్టి ఎనిమిది పేపర్లు రాసి పంపాడు. మూడు వారాలకు తిరిగొచ్చాయి. ప్రతి పేజీలో టిక్కు, చివర మార్కు, దాని కింద "ప్రెజెంటేషన్ మెరుగుపరచుకోవాలి" అని ఎనిమిదింటిలోనూ అదే వాక్యం. మూడు వారాల తరవాత ఆ ప్రశ్నలే అతనికి గుర్తులేవు. అందుకే చేరేముందు ఒక దిద్దిన పేపరు నమూనా చూపించమని అడగాలి. లెక్క ఎలా చేశామో చూపే వర్కింగ్ నోటులో ఏ అంకె దగ్గర మార్కు కోశారో రాశారా? ఎన్ని రోజుల్లో తిరిగి పంపుతారు? సందేహం అడిగితే దిద్దినవారే జవాబిస్తారా? ఇవి చెప్పలేని చోట చేరకపోవడమే మంచిది.

నాకు బాగా నచ్చిన దారి మాత్రం పాతకాలపుది. ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురు సీఏలుంటారు, ఈమధ్యే పాసైన ఆర్టికల్ కుర్రాళ్లుంటారు. వెళ్లి, వారానికి ఒక్క పేపరు దిద్దిపెడతారా అని అడగాలి. రిటర్నుల గడువు నెలల్లో కుదరదంటారు, మిగతా రోజుల్లో చాలామంది కాదనరు. ఫీజు ఇస్తామంటే ఇంకా మంచిది, తీసుకున్నవాళ్లకు బాధ్యత ఉంటుంది.

మధ్యాహ్నం రెండు గంటలు

సమయం గురించి ఎక్కువ చెప్పను, టైంటేబుళ్లు రాయడంలో మన పిల్లలు ఇప్పటికే నిపుణులు. ఒక్క విషయం మాత్రం. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. ఇంట్లో ఆ వేళ భోజనం చేసి కునుకు తీసే వేళ. మే నెలలో రాసేవారికి ఎండ మాడుతుంటుంది, కరెంటు పోతే చెప్పనే అక్కరలేదు. రాత్రి పదింటికి చురుగ్గా చదివే అలవాటు చేసుకుని, రెండింటికి కళ్లు మూతలు పడుతూ పరీక్ష రాసేవాళ్లున్నారు. చివరి రెండు నెలలు రాసే పనంతా రెండు నుంచి ఐదు మధ్యకు మార్చుకోవాలి.

మార్కుల నిబంధన కూడా టైంటేబుల్‌ను మార్చాలి. ప్రతి పేపరులో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఇష్టమైన అకౌంటింగ్‌లో 72, లాలో 45, పన్నుల్లో 38 వస్తే మొత్తం 155, అంటే సగానికి పైనే. అయినా ఆ గ్రూపు తప్పినట్టే. 60 దాటిన అకౌంటింగ్‌కు మినహాయింపు వస్తుంది, తరవాతి మూడు పరీక్షల వరకు ఆ పేపరు రాయనక్కరలేదు, కానీ ఆర్టికల్‌షిప్ మొదలుకాదు. రెండు గ్రూపులూ పాసైతే గానీ అది మొదలుకాదు కదా. ఇంట్లో చదివేవారికి ఇష్టమైన సబ్జెక్టే మళ్లీ మళ్లీ చదివే జబ్బు ఎక్కువ, ఆపేవాళ్లు లేరు కాబట్టి.

తోడు గురించి రెండు మాటలు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుని చదువుతుంటే, "ఇంట్లోనే ఉంది కదా" అన్న ఒక్క మాటతో చదువు గంటలు కరిగిపోతాయి. చుట్టాలు వస్తే కాఫీ, గ్యాస్ బండి వస్తే సంతకం, మధ్యలో తమ్ముడికి హోంవర్కు. మగపిల్లలను కొట్లోకి, బ్యాంకుకు పంపుతారు. హాస్టల్ ఫీజు కడితే ఆ గంటలకు విలువ కట్టేవాళ్లమే, ఇంట్లో అవి ఉచితం కాబట్టి చులకన. ఈ సంగతి పిల్లలు చెప్పుకోలేరు, అందుకే కొట్టాయనతో నేనే చెప్పాను. అదే అటెంప్ట్ రాసే ఇంకొకరితో రోజూ రాత్రి పది నిమిషాలు ఫోనులో "ఈరోజు ఏం రాశావు?" అని అడుగుకోవడం మరో ఆసరా. ఐదు వందల మంది గ్రూపులు అక్కరలేదు, అక్కడ ప్రతివాడూ సిలబస్ పూర్తిచేసినట్టే మాట్లాడతాడు.

వేరే కోర్సులైతే

ఇదే కొలబద్దతో ఇతర కోర్సులనూ చూడవచ్చు. పెద్దవాళ్లు ఇప్పటికీ ఐసీడబ్ల్యూఏ అని పిలిచే కాస్ట్ అకౌంటెంట్ల కోర్సు సీఎంఏకు పరీక్షలు జూన్, డిసెంబరుల్లో. ఆ కోర్సు ఇంటర్మీడియట్ దశ నుంచి చేత్తో రాయవలసిందే ఎక్కువ, కాబట్టి దిద్దుబాటు అవసరం సీఏతో సమానమే. బ్రిటన్‌కు చెందిన అకౌంటింగ్ కోర్సు ఏసీసీఏలో 13 పేపర్లు, పాస్ మార్కు 50, పరీక్ష కంప్యూటర్ మీద. మొదటి పేపర్లు బహుళైచ్ఛికంగా ఉంటాయి, తప్పొప్పులు యంత్రమే చెబుతుంది కాబట్టి ఇంటి చదువుకు అనువు. పై పేపర్లలో మళ్లీ రాత, దాంతోపాటు కంప్యూటర్ మీద టైపు చేసే వేగం. ఉద్యోగం చేసుకుంటూ రాయాలనుకునేవారికి అది బాగుంటుంది. అయితే ఇక్కడ కంపెనీల చట్టబద్ధ ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే సీఏ కావాలి, ఏసీసీఏతో కుదరదు. ఇంటి నుంచి సులువు అన్న ఒక్క కారణంతో కోర్సు మార్చుకోవడం నాకు ససేమిరా నచ్చదు. సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకోవాలన్నది ఆ అమ్మాయి కోరిక, అంచేత ఆ చర్చ మా మధ్య రెండు నిమిషాల్లో ముగిసింది.

కొట్టాయన తన కాగితం మీద దిద్దుబాటు కోసం నాలుగో గడి గీశారు. లైవ్ క్లాసులు, యాప్ రెండూ కొట్టేశారు. అకౌంటింగ్‌కు మాత్రం రికార్డింగులు, మిగతావాటికి సంస్థ ఉచిత తరగతులు, మిగిలిన డబ్బు నాలుగో గడిలోకి. కొట్టు వెనక బియ్యం బస్తాలు పెట్టే గది ఖాళీ చేసి ఒక బల్ల వేయించారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్లకూడదని ఇంట్లో చెప్పేశారు.

మొదటి లా పేపరుకు నేను 31 వేశాను. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో ఆదివారం పేపరు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మైనరు ప్రశ్నకు ఈసారి ముప్పావు పేజీ రాసింది. ప్రివీ కౌన్సిల్ స్పెల్లింగు తప్పింది.